నేను దాచిపెట్టిన ఎడమ కన్ను

చిన్నీ, బంటీ, కరోనాకు లాక్‌డౌన్ పెట్టిన మూడో నెలల ఒకనాడు పొద్దుగాల అరుగు మీద కూసోని సదువుతున్న. లైను నడుమల వంకర వొయ్యింది. ప్రింటు తప్పనుకున్న. పేజీ తిప్పిన, గాడ గూడ గంతే. కుడి కన్ను మూసి సూస్తె అక్షరాలు నీళ్లల్ల పడ్డట్టు వంగినయ్. ఎడమ కన్ను మూస్తె సక్కగున్నయ్.

ఎవ్వరికీ సెప్పలే. ఎందుకో మీకు తెల్వాలె.

మిర్యాలగూడల ఉన్న మా అక్క వారపత్రికలల్ల వచ్చిన సీరియళ్లు కత్తిరిచ్చి, దారంతోటి కుట్టి, అట్టలేసి దాసేది. ఇల్లు మారేటప్పుడు ఒక బస్తెడు నాకిచ్చింది. పెండ్లయినకాన్నుంచి నాకు సదువుకునే తీరికే లేదు. లాక్‌డౌన్ల దొరికింది. సూర్యాపేటల మా బజారు సప్పుడు లేకుంట ఉండె. పొద్దుగాల సీరియలు, పగటీలి మా కోడలుతోటి, అదే మీ అత్తతోటి, టీవీల పాత సినిమా. సాయంత్రం ఆ సీరియళ్లల్ల బొమ్మలు సూసుకుంట నోటుబుక్కుల పెన్సిల్‌తోటి గీసుకునేదాన్ని. బయట జనం సచ్చిపోతుంటె నాకు గంత సంతోషం ఉండుడు తప్పేమో గాని, ఉండె.

లాక్‌డౌన్ మొదటి నెలల జర తలనొప్పి అంటె మీ తాత, "కథలు సదివి సదివి కండ్లు పోగొట్టుకుంటవా?" అని బస్తా తీసి సజ్జ మీద పెట్టిండు. పది దినాలు దింపలే. అందుకే ఈసారి నోరు మూసుకున్న. ఎడమ కన్ను మూసుకొని కుడి కన్నుతోటి సదివిన. గట్ల నాలుగు నెలలు.

ఇగ టీవీల హీరోయిన్ మొకం పోయింది. ఎడమ కన్నుతోటి సూస్తె కొప్పు కనవడుతది, సీర కనవడుతది, మొకం ఉండాల్సిన కాడ నల్లటి మచ్చ. మీ అత్త పట్టేసింది. "అత్తమ్మా, ఏంది ఒక కన్ను మూస్తున్నవ్? మామయ్య ఇంట్ల ఉండంగనే హీరోకు కన్ను కొడుతున్నవా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలే. సెప్పిన.

"నేను ముందే అన్ననా, లేదా?" అన్నడు మీ తాత. బస్తా మళ్ల సజ్జ ఎక్కింది. టీవీ బంద్. "రెస్టిస్తె అదే తగ్గుతది. ఇప్పుడు దవాఖానకు వోతె కరోనా అంటుకుంటది" అన్నడు. ఇంకో నెలన్నర పొయ్యింది. సదువూ లేదు, వైద్యమూ లేదు. గోడ సూసుకుంట కూసున్న.

ఆఖరికి మీ మామ వాళ్ల నాయినతోటి కొట్లాడి నన్ను సూర్యాపేటల కండ్ల డాక్టర్‌కు సూపిచ్చిండు. "రెటీనా ప్రాబ్లం, కంటి ఎనక పొర పాడైంది. కోదాడకు రెటీనా డాక్టర్ వస్తడు, రేపే పోండి" అన్నడాయన. కోదాడల కండ్లల్ల చుక్కలేసిండ్రు, ఆ పొరను ఫోటో తీసే ఓసీటీ స్కాన్ తీసిండ్రు.

"ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా ఇలా?" అని అడిగిండు డాక్టర్.

"నెల." గాడ గూడ అబద్ధమే ఆడిన.

ఆయన స్కాన్ దిక్కు సూసిండు. "నెల కాదమ్మా. ఇది వెట్ మాక్యులర్ డీజెనరేషన్, వయసుతో రెటీనా నడిమి భాగం కింద రక్తం కారే జబ్బు. లోపల మానని మచ్చ, స్కార్ పడిపోయింది. మొదట్లోనే వచ్చుంటే ఇంజెక్షన్లతో చూపు చాలావరకు నిలిచేది."

మీ తాత ఊకోలే. "ఒకటే పుస్తకాలు సదివింది సార్, అందుకేనా?"

"చదివితే ఇది రాదండీ. ఆలస్యం చేశారు, ముదిరింది."

మీ తాత మాస్క్ సర్దుకున్నడు.

కంట్లకే ఇంజెక్షన్. నెలకొకటి, మూడు. మత్తు చుక్కలేస్తరు, నొప్పి అంత తెల్వది గాని, సూది కంటి మీదికొస్తుంటె పానం పోయినట్టయితది. రెండోది అయినంక మళ్ల కేసులు పెరిగి డాక్టర్ వచ్చుడు బందయ్యింది. మూడోది రెండు నెలలు లేటు. గంతల కంటి లోపట మళ్ల రక్తం కారింది.

ఇప్పుడు ఎడమ కంటికి నడిమి సూపు లేదు. కుడి దాంట్ల అదే జబ్బుల రక్తం కారని డ్రై రకం మొదలైందన్నరు. భూతద్దం పెట్టుకొని రోజుకు ఒక పేజీ, గంతే. బొమ్మలు గీసుడు ఇడిసిపెట్టిన. మీ తాత బస్తా దింపి తనే సదివి ఇనిపిస్తడు. కరెంటు బిల్లు సదివినట్టు సదువుతడు, ప్రేమ ముచ్చటొస్తె దగ్గి దాటేస్తడు. తప్పయ్యిందని మాత్రం ఇప్పటిదాంక ఒక్క మాట అనలే. నా కోపం పోలే. సగం ఆయన మీద, సగం నా మీద. మీరు ఫోన్‌ల అడిగినప్పుడల్ల "మంచిగున్న" అన్న సూడుండ్రి, అది గూడ అబద్ధమే.

మీ అమ్మకు యాభై దగ్గరవడుతున్నయ్. నా రక్తమే గద. వారానికోపారి ఒక్కో కన్ను మూసి తలుపు చౌకట్టు సూడుమనుండ్రి. వంకర కనవడితె ఆ వారంలనే రెటీనా డాక్టర్ కాడికి తీస్కపోండి. డాక్టర్‌కు సూపిచ్చేదాంక గూడ ఆమె ఏం సదువుకుంటున్నా సదువుకోనియ్యుండ్రి. సేతిల పుస్తకం గుంజుకుంటరని భయం పడ్డదంటె, మనిషి మళ్ల నోరు తెరవది.