బాగుచేయొద్దన్న నెట్‌వర్క్

2006లో చిత్తూరులో నాకు చిన్న కంప్యూటర్ల అంగడి ఉండేది. మా నాయనది తిరుపతిలో స్టీలు సామాన్ల వ్యాపారం. చెప్పిన ధరకే కొన్న మనిషిని చూస్తే మా ఇంట్లో జాలిపడేవాళ్లు. ఆ పెంపకం వల్ల నాకు వచ్చిన విద్యలు రెండు: ఎదుటివాడు నోరు తెరవకముందే ఎంతదాకా దిగొస్తాడో అంచనా కట్టడం, నా సరుకులో లోపముందని ఎవరన్నా అంటే ఒప్పుకోకపోవడం. కంప్యూటర్ల పని మాత్రం ఇంకొకళ్ల దగ్గర నేర్చుకున్నాను.

ఆ రోజుల్లో ఇంటికి ఒక కంప్యూటర్ ఉంటేనే గొప్ప. రాజేశ్వరమ్మ ఇంట్లో మూడు ఉండేవి. భర్తకు బెల్లం మండీ. ముందుగదిలో ఆయన లెక్కల కంప్యూటర్, మిద్దెమీద కూతురు హేమది, వెనక గదిలో కొడుకు మురళిది. మురళికి ఇరవై రెండేళ్లు. కండరాలు మెల్లగా క్షీణించే జబ్బు. వేలూరు ఆసుపత్రికి తిప్పారు, మందు లేదన్నారు. మొదట కాళ్లు పోయాయి, పాలిటెక్నిక్ చదువు మధ్యలో ఆగింది. చక్రాల కుర్చీలో కూర్చుని చేతులతో చేయగలిగినవి చేసేవాడు. అందులో అతనికి ఇష్టమైనది కంప్యూటర్‌లో తుపాకుల ఆట. ప్రతి ఆదివారం పాత క్లాసు స్నేహితులిద్దరు తమ సీపీయూలు స్కూటరు మీద పెట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్లు హాల్లో, హేమ మిద్దెమీద, మురళి వెనక గదిలో. నలుగురూ ఒకే ఆటలో ఒకరినొకరు వేటాడుకునేవాళ్లు.

ఈ నలుగురినీ కలిపేది రౌటర్, అంటే తీగ లేకుండా గాలిలోనే కంప్యూటర్లకు మాటలు మోసే పెట్టె. వాళ్లది పాతది. ఆట మధ్యలో తెర ఆగిపోయేది. దాన్ని మార్చి మంచిది పెట్టాలని రాజేశ్వరమ్మ స్వయంగా అంగడికి వచ్చింది.

"రెండు కొమ్ములుండాయని రెండింతలు సెప్తావుండావే అప్పా?" అంది రౌటర్ యాంటెనాలు తిప్పి చూస్తూ.

"ఒంటి కొమ్ముదీ ఉండాదక్కా. అది సగం ఇంటికే వినిపిస్తాది."

"అయితే ఒక కొమ్ము నువ్వే పెట్టుకో. సగానికియ్యి."

బేరం చాలాసేపు నడిచింది. చివరికి బిగింపు కూలి కూడా అందులోనే కలిసిపోయింది. నేను ఓడిపోయానని ఇంటికి పోయాక లెక్క చూసుకుంటే గానీ తెలియలేదు. వెళ్తూ వెళ్తూ మాత్రం గొంతు తగ్గించింది. "మావాడు గెలవల్ల అప్పా. ఊరికే సచ్చిపోతావుంటాడు ఆటలో. నెట్టు బాగలేదని ఆ పిల్లోళ్లే అంటావుండారు."

నెట్‌వర్క్ జబ్బు ఏమిటో చూడాలంటే ఆడుతుండగానే చూడాలి. అందుకని ఆదివారమే వెళ్లాను. ఇల్లంతా కేకలు. హాల్లో ఒకడు "నెట్టు ఆగిపాయరా, నన్ను సంపేసినారు!" అని అరిస్తే, మిద్దెమీద నుంచి హేమ "నాదీ ఆగింది, నువ్వొకడివే కాదులే ఏడ్సేది!" అని అరిచేది. వెనక గదిలోంచి మురళి నవ్వు. చచ్చినవాళ్లందరూ రౌటర్‌నే తిట్టేవాళ్లు.

కారణం వెంటనే దొరికింది. రౌటర్ ముందుగదిలో ఇనుప బీరువా మీద ఉంది. దాన్ని ఆనుకునే మండీ పనికి పెట్టుకున్న కార్డ్‌లెస్ ఫోను. ఆ ఫోనూ రౌటరూ ఒకే రకం తరంగాల మీద మాట్లాడతాయి. బెల్లం ధర అడగడానికి ఎవరో ఒకరు ఫోను చేస్తూనే ఉంటారు. అది మోగినప్పుడల్లా సంతలో గుసగుసలాడినట్టు కంప్యూటర్ల మాటలు ఒకదానికొకటి వినబడవు. ఫోను వేరే గదికి మార్చి, రౌటర్‌ను హాల్లో గోడకు ఎత్తుగా కొడితే చాలు. కొత్త రౌటర్ కూడా అక్కర్లేదు. ఆ మాట మాత్రం నేను మింగేశాను. అమ్మిన సరుకు కదా.

చివరిగా మురళి గదిలో పింగ్ చూడబోయాను. పింగ్ అంటే ఒక కంప్యూటర్ "ఉన్నావా?" అని అడిగితే ఇంకోటి "ఉన్నా" అనడానికి పట్టే సమయం. ఆట ఆగింది, స్నేహితులు కాఫీలకు లేచారు.

"తలుపు కొంచెం మూయన్నా," అన్నాడు మురళి. మూశాను. "ఫోను సంగతి కనిపెట్టినట్టుండావే."

"నీకు తెలుసా?"

"ఎప్పుడో తెలుసు. ఫోను మోగినప్పుడే ఆగుతాది గదా."

"తెలిసీ ఎందుకు ఊరికే ఉండావు? అమ్మ దుడ్డు పెట్టి కొత్తది కొనె."

అతను మౌస్ మీద చెయ్యి పెట్టాడు. పెట్టడానికే కొంత సమయం పట్టింది.

"నా వేలు సూడన్నా. కాల్చాలని నేననుకుంటాను. వేలు ఇంకా ఆలోచిస్తానే ఉంటాది. మూడు నెలల కింద ఇట్ల లేదు. ఇప్పుడు వాళ్లదీ ఆలస్యం, నాదీ ఆలస్యం. ఎవురిది ఎందుకని ఎవురూ అడగరు. నువ్వు బాగుచేస్తే వాళ్లది బాగుపడతాది. నాది యాడ బాగుపడతాది?"

నేను అలవాటు కొద్దీ బేరంలోకే దిగాను. "నీ ఒక్కడికి తీగ వేస్తా. వాళ్లు గాలిలోనే ఉంటారు. నీది వాళ్లకంటే ముందు పోతాది."

"ఎంత ముందు? నా వేలు పోగొట్టేంత టైము రాదులే అన్నా."

"అయితే ఆట మార్చు. నిదానంగా ఆడేవి ఉండాయి."

"వాళ్లు వచ్చేది దీనికోసరం. ఆట మారిస్తే నాకోసరం వచ్చినట్టయితాది." మౌస్‌ను వేళ్లతో దగ్గరికి లాక్కున్నాడు. "నాకు గెలుపొద్దన్నా. అందురం కలిసి ఒకదాన్నే తిట్టుకోవల్ల. అది సాలు."

నేను ఆ పూట కొత్త రౌటర్‌ను అదే బీరువా మీద, అదే ఫోను పక్కన బిగించాను. రాజేశ్వరమ్మకు పని అయిపోయిందని చెప్పి బయటపడ్డాను.

తర్వాతి ఆదివారమే ఫోను. "ఏమప్పా, నీ రెండు కొమ్ములదీ అంతే గదా! మడుగులో యెనుము మాదిరి నిల్సిపోతావుండాది."

"గోడలు మందమక్కా."

"అమ్మేటప్పుడు కనపళ్లేదా గోడలు? నువ్వు వచ్చి సూసినావు గదా!"

జవాబు నా దగ్గర ఉంది, చెప్పేది కాదు. నా సరుకు మంచిదని నిరూపించడం ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలూ నోరు కట్టుకుని కూర్చోవడం నాకు ఎంత కష్టమో మా నాయన ఒక్కడికే అర్థమవుతుంది. మండీ వీధిలో నా పేరు పోయింది. బెల్లం వ్యాపారుల ఇళ్ల నుంచి తర్వాత నాకు పనులు రాలేదు. కానీ ఆ ఇంటి ముందు ఆదివారాలు సీపీయూలు కట్టిన స్కూటర్లు ఆగుతూనే ఉండేవి. అటుగా పోయినప్పుడు చూసేవాడిని.

వానాకాలం గడిచాక ఒక మధ్యాహ్నం రాజేశ్వరమ్మ అంగడి మెట్లెక్కింది. దెబ్బలాటకే వచ్చిందనుకుని, నేను తిరిగి ఇవ్వగలిగిన సొమ్ము ఎంతో మనసులో సిద్ధం చేసుకున్నాను. ఆమె స్టూలు మీద కూర్చుంది.

"ఇంకోడు వచ్చి సేసినాడప్పా. ఫోను తీసి వంటింట్లో పెట్టినాడు, నీ పెట్టెను హాల్లో గోడకు కొట్టినాడు. అంతే. నెట్టు కత్తి మాదిరి పోతావుండాది." నేను చేతిలో పని పక్కన పెట్టాను. "పోయిన ఆదివారం అందురూ బాగా ఆడినారు. వీడొక్కడే... మొదలయ్యేది, వీడు సచ్చేది. మొదట్లో ఆ పిల్లోళ్లు నవ్వినారు. తర్వాత నవ్వేది మానేసినారు. ఆనక వాళ్లే కావాలని వీని ముందరకొచ్చి నిలబడతావుండారు, కాల్చమని. వాడు కనిపెట్టేసినాడు. సెయ్యి నొప్పి అని మౌసు తోసేసినాడు."

వీధిలో బెల్లం దిమ్మల లారీ ఒకటి వెనక్కి వస్తోంది. అది ఆగాక ఆమె నావైపు తిరిగింది.

"నువ్వు కావాలనే అట్ల పెట్టినావా?"

"అవునక్కా."

"నాకు ఒక మాట సెప్పుంటే?"

"వద్దన్నాడు."

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత, అంత బేరగత్తె, నా ముఖం చూడకుండా అడిగింది: "మళ్లా పాతట్ల చెడగొట్టేదానికి అయితుందా? ఎంతైనా సెప్పు, ఇస్తా."

డబ్బు అక్కర్లేదని ఆ రోజే వెళ్లాను. రౌటర్ ఊడదీసి బీరువా మీద పెట్టి, ఫోను తెచ్చి పక్కన ఆనించాను. మురళి ముందుగది గుమ్మం దాకా కుర్చీ తోయించుకుని వచ్చి చూస్తున్నాడు.

"వద్దులే అన్నా. వాళ్లకు తెలిసిపోయింది. ఇప్పుడు ఆగినా, అది నాకోసరం ఆగినట్టే ఉంటాది."

నేను చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డాను. "యాడ బాగుంటే ఆడ పెట్టు. హేమకు పరీక్షలుండాయి, దానికి నెట్టు కావల్ల," అన్నాడు. మళ్లీ హాల్లోకే తెచ్చి గోడకు కొట్టాను.

స్నేహితులు తర్వాత కూడా వచ్చేవాళ్లట, సీపీయూలు లేకుండా, చేతులు ఊపుకుంటూ. మురళి మంచం పక్కన కూర్చుని క్రికెట్ చూసి, తొందరగా వెళ్లిపోయేవాళ్లట.

ఆ తర్వాత ఎన్నో ఇళ్లలో నెట్‌వర్క్‌లు బిగించాను. ప్రతి ఇంట్లోనూ మొదట అడిగేది గోడల మందం కాదు, ఏ గదిలో ఎవరు కూర్చుంటారని. వాళ్లు పేర్లు చెబుతుంటే, నెమ్మదిగా ఉండటం వల్ల ఎవరికి ఏం ఇబ్బందో వింటాను. వేగం పెరిగితే ఎవరికి ఇబ్బందో ఎవరూ చెప్పరు. అది నేనే వెతుక్కోవాలి. దొరికినా దానికి నా అంగట్లో సరుకు ఉండదు. ఇది తెలుసుకున్నాక కూడా నేను రౌటర్లు అమ్ముతూనే ఉన్నాను.