నెమ్మదిగా తిరిగే డ్రైవు

మా వదిన పోయింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు గారు. నర్సీపట్నం బస్సు కాంప్లెక్సు దగ్గర ఆమె షాపులో పెళ్లి సీడీలు కాపీ చేయించుకున్నవాళ్లు మీలో ఉంటే, ఆమె గుర్తుండే ఉంటుంది. అన్నయ్య ఎప్పుడో పోయాడు. అప్పటినుంచి ఇంట్లో మేమిద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే.

షాపులో రెండు సీడీ డ్రైవులుండేవి. కొత్తది మహా హడావిడి. బల్ల అదిరేలా తిరిగి, శుభ్రమైన డిస్కును చిటికెలో చదివేది, గీత తగిలితే చేతులెత్తేసేది. పాతది నింపాది. గీత దగ్గర వేగం తగ్గించుకుని, ఆ చోటే మళ్లీ మళ్లీ లేజరు వెలుగు వేసి ఎలాగో చదివేది. నేను విసుక్కుంటే వదిన నవ్వేది.

"బేగి తిప్పితే ఎలుగు సోటు తప్పిపోద్ది అమ్మాయ్. మా నాన్న బొమ్మలు తిప్పినప్పుడూ ఇంతే."

ఆమె పుట్టిల్లు ఏటికొప్పాకలో కొయ్యను లేతు మీద తిప్పుతూ లక్కబొమ్మలు చేసే ఇల్లు.

డిస్కులు తెచ్చేవాళ్లు లేక షాపు మూసేసినా, పాత డ్రైవును ఇంటికి తెచ్చుకుంది. అన్నయ్య పాడుకున్న పాటల డిస్కు ఒకటుంది. పాటలన్నీ ఫోనులోకి ఎక్కించినా, ఆదివారం భోజనాలయ్యాక ఆ డిస్కే పెట్టేది. ఆఖరి పాట అవగానే ఆపేసేది.

"ఇంకేటీ లేదు, అన్నీ గీతలే. ఒగ్గేయ్."

నిజమే అనుకున్నాను. డ్రైవు సీడీని నడిమి నుంచి బయటికి చదువుకుంటూ వస్తుంది. చివర్లో ఎక్కించినది అంచున ఉంటుంది, వేళ్లు తగిలి గీతలు పడేదీ అక్కడే.

ఆమె పోయాక గొంతు వినాలనిపించి ఫోనంతా వెతికాను. ఫొటోలే ఉన్నాయి. వీడియో తీయబోతే చేయి అడ్డం పెట్టే మనిషి మరి.

మొన్న ఆదివారం ఆ డిస్కు పెట్టి, ఆఖరి పాట అయ్యాక ఆపలేదు. డ్రైవు గీరుమంది, మందగించింది, ఆగినంత పనైంది. అంతలో అన్నయ్య గొంతు.

"ఇప్పుడు నువ్వేదైనా సెప్పు."

చిన్న నవ్వు. తర్వాత వదిన.

"నా గొంతెందుకండీ, ఎవులింటారు?"

"నేను వింటున్నాను వదినా," అన్నాను పైకే. డ్రైవు తిరగడం ఆపేసింది. దాని పచ్చ దీపం కాసేపు మిణుకుమిణుకుమని ఆరిపోయింది.