వదినె మిల్లులో వెలగని కర్పూరం

మా వదినె పోయిందని పొద్దున్నే పుత్తూరు నుంచి మనిషి వచ్చి చెప్పినాడు. తిరుపతిలో బస్సెక్కినానే గాని, దారంతా మనసు కుదురుగా లేదు. సగం ఆమె మీద, సగం ఆమె పిండిమిల్లు మీద. దసరా దగ్గరికొచ్చింది. ఈసారి ఆయుధపూజ హారతి మిషను ముందరే ఇస్తానని ఆమె కొడుకు అంతకుముందే నాతో అన్నాడు.

వదినె పుట్టింటివాళ్లకు సత్యవేడులో మిల్లు ఉండేది. ఒక ఆయుధపూజనాడు మిషను ఆపీ ఆపకముందే, పిండి ఇంకా గాల్లో తేలుతుండగా, బూడిదగుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించినారు. మొదట భగ్గుమన్నది కొంచెమేనట. ఆ అదురుకు దూలాల మీద పేరుకున్న పిండంతా రాలి అంటుకుంది. కప్పు ఎగిరిపోయింది. వాళ్ల నాయన అక్కడే పోయినాడు. ఊరివాళ్లు దిష్టి అన్నారు. దూలాలు తుడవకపోవడమని వదినె అన్నది.

మా అన్న పోయినాక పుత్తూరులో ఆయన మిల్లు ఆమె చేతికొచ్చింది. లోపల దీపం లేదు, బీడీ లేదు. పొడి చీపురు పట్టనిచ్చేది కాదు, తడిగుడ్డతోనే తుడవాలి. మిల్లుకూ ఇంటికీ మధ్య వాకిలి ఒకటే. ఇంట్లో దీపం పెట్టేముందు ఆ వాకిట్లో తడిపిన గోనెపట్టా వేలాడదీసేది. "నేల మీదుంటే పిండి, గాల్లో లేస్తే తుపాకిమందు" అనేది. మా ఇంటికొచ్చినా మాటల మధ్య అలమర పైన వేలితో రాసి చూసేది. నాకు ఒళ్లు మండేది. నా ఇంట్లో దుమ్ము వెతికే పని నాది.

మొదటి ఆయుధపూజకు గుమ్మడికాయను వీధిలోకి తెప్పించింది. రాగులు తెచ్చిన పెద్దాయన ఒకడు, పూజ మిషనుకా, వీధికుక్కలకా అని నవ్వినాడు.

"దేవునికి ఈడినుంచి గూడా మిషను కనపడతాది లేప్పా. కప్పు లేచిపోతే మీ తలకాయలు నేను యాడ ఏరుకునేది?" అన్నది.

అందరూ నవ్వినారు. కొడుకు మాత్రం తల దించుకున్నాడు. అమ్మకు పిండిదయ్యం పట్టిందని అప్పటినుంచి వాడి మాట.

నేను చేరేసరికి ఆమెను నడవలో పడుకోబెట్టి, తలాపున దీపం పెట్టినారు. ఎవరో మిల్లు వాకిలి తెరిచి వదిలేసినారు. అటునుంచి గాలి కొడుతోంది. నా కళ్లు ఆమె ముఖం మీద నిలవలేదు, ఆ వాకిలి మీదికే పోయినాయి. లేవబోయినాను.

"ఉండత్తా" అని మేనల్లుడే లేచినాడు. ఎర్రబడిన కళ్లతో తొట్టి దగ్గరికి పోయి, గోనెపట్టా ముంచి తెచ్చి వాకిట్లో కట్టినాడు.

"లేకుంటే అమ్మ తిడతాది" అన్నాడు.

దసరా సంగతి నేను అడగలేదు. పట్టా అంచు నుంచి నీళ్లు గడప మీద ఒక్కో చుక్కే రాలుతున్నాయి. ఆమె తలాపున వత్తి కదలకుండా నిలబడి వెలుగుతోంది.