కాలువ గట్టు మీద ఇద్దరం

పెళ్లయిన రెండో ఏట, కోతలైపోయి చేలల్లో మినుము పచ్చగా పాకుతున్న రోజుల్లో, మేమిద్దరం బాపట్ల నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు నడిచి బయల్దేరాం. బస్సులున్నాయి, రైలుంది. అయినా ఎందుకు నడిచారని చుట్టాలు ఇప్పటికీ నవ్వుతూ అడుగుతుంటారు. ఆయన కారణం ఆయన అందరికీ చెప్పారు. నా కారణం నేనెవరికీ చెప్పలేదు.

ఆయనది వ్యవసాయ శాఖలో ఉద్యోగం. పెళ్లికి ముందు శిక్షణ కోసం ఏడాది పాటు విదేశంలో ఉన్నారు. అక్కడ కొండల మీదుగా వారాల తరబడి నడిచే దారి ఒకటి ఉందట. రాళ్ల మీద వేసిన తెల్లరంగు గుర్తులు చూసుకుంటూ పోవాలట. భార్యాభర్తలు వీపున సంచులు తగిలించుకుని, పొద్దుగూకిన చోట పడుకుంటూ నడుస్తారట.

"ఏం పని మీదండి?" అని అడిగాను.

"పనేం లేదు. ఊరికే."

ఆ దారిలో తీసిన ఫొటో ఒకటి చూపించారు. ఒక దొర, దొరసాని బండ మీద కూర్చుని ఉన్నారు. ఆమె చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. అతను తల వంచి వింటున్నాడు. "మనమూ అలా నడుద్దామా? రేపల్లెలో అక్క వాళ్లింటి దాకా?" అని ఆయన అడిగితే, ఫొటో ఇంకా నా చేతిలో ఉండగానే సరేనన్నాను.

మా ఇంట్లో మాటలు తక్కువ. ఆయన ఆఫీసు నుంచి వచ్చి పేపరు చదువుకుంటారు. నేను వంటింట్లో లైబ్రరీ నవల చదువుకుంటాను, ఎవరైనా వస్తే దాని మీద చేట బోర్లించి. పడుకోబోయే ముందు డైరీ రాసేటప్పుడు, ఆ రోజు ఆయన నాతో అన్నవన్నీ ఒక్క లైనులో పట్టేవి. అన్నం పెట్టు. గొళ్లెం వేశావా. అంతే. రోజంతా పక్కపక్కన నడిస్తే ఎంత ముభావి అయినా మాట్లాడక ఏం చేస్తాడు, అనుకున్నాను. ఆయన నాతో మాట్లాడాలి. నాకు కావలసింది అదొక్కటే.

పక్కపక్కన నడవడం నాకు చేతకాదన్న సంగతి మాత్రం ముందు తట్టలేదు. మా అమ్మ ఎప్పుడూ నాన్న వెనకే నడిచేది. బాపట్ల వీధుల్లో సినిమాకి వెళ్లినా నేనూ అంతే. పైగా ఆయనవి పొడుగు కాళ్లు. ఊరు దాటేసరికే నాకు ఒక చేను దూరం ముందున్నారు. గబగబా నడిచి అందుకోబోతే ఎదురుగా ఎవరో సైకిలు మీద వచ్చేవాళ్లు. సిగ్గేసి మళ్లీ వెనకబడేదాన్ని.

ఆ సాయంత్రం పొన్నూరు సత్రంలో ఆగాం. "కాళ్లు నొస్తున్నాయా?" అన్నారు. "లేదండి" అన్నాను. నొస్తున్నాయని అని ఉంటే ఇంకో మాట వచ్చేదేమో.

మర్నాడు తెనాలిలో మా అమ్మ మమ్మల్ని చూసి గుమ్మంలోనే బుగ్గలు నొక్కుకుంది.

"నడిచొచ్చారా! బస్సులకేమైందే?"

"ఊరికేనమ్మా."

"ఊరికే నడవడమేంటే? వాడకట్టులో నేనేం చెప్పుకోను?"

పావుగంటలో పక్కింటావిడ రానే వచ్చింది. "మొక్కు వదినా. పిల్లల కోసం" అనేసింది అమ్మ. వాడకట్టులో ఆడవాళ్లంతా వచ్చి నా కాళ్లకు పసుపు రాశారు. ఏ దేవుడికమ్మా అని అడుగుతుంటే తల వంచుకుని కూర్చున్నాను. ముందుగదిలో ఆయన మా నాన్నతో ఎరువుల గురించి చాలాసేపు మాట్లాడారు.

తెనాలి నుంచి తెల్లవారకముందే బయల్దేరాం. కాలువ గట్టు ఎక్కాక ఎండ వచ్చింది. ఆయన మళ్లీ ముందు, నేను వెనక. ఒక రేవులో బట్టలుతుకుతున్న పెద్దామె నన్ను చూసి చేతిలో గుడ్డ ఆపింది.

"ఏమ్మా, బస్సు తప్పిపోయిందా?"

"లేదండి. నడిచే వెళ్తున్నాం."

"ఆ ముందు పోయేది నీ మొగుడేనా?"

"అవునండి."

"అట్టా పోతన్నాడేంటమ్మా! నిన్నెవరన్నా ఎత్తుకుపోయినా ఊరు చేరిందాకా తెలవదు ఆయనకి. పరిగెత్తి చొక్కా పట్టుకో!"

రేవంతా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను. కానీ పరిగెత్తలేదు.

భట్టిప్రోలు చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. స్టేషను పక్కన పంపు దగ్గర నీళ్లు తాగి అరుగు మీద కూలబడ్డాను. ఆయన గట్టు మీద పోతూనే ఉన్నారు. ఒక్కసారి వెనక్కి తిరిగితే లేచి వెళదామనుకున్నాను. తుమ్మచెట్టు దాటేలోపు తిరుగుతారనుకున్నాను. తర్వాత తూము దాటేలోపు అనుకున్నాను. తూము దాటి కనిపించకుండా పోయారు. ఇంతలో రేపల్లె రైలు వచ్చింది. బయల్దేరేటప్పుడు అమ్మ నా కొంగున కట్టిన డబ్బులతో టిక్కెట్టు కొని ఎక్కేశాను. ఒంటరిగా రైలెక్కడం నాకదే మొదలు.

రైలు కదిలిన కాసేపటికి కాలువ పట్టాల పక్కకు వచ్చింది. గట్టు మీద ఆయన కనిపించారు. మాట్లాడుతున్నారు. చేయి చాచి చేలోకి చూపిస్తున్నారు. వెనక వచ్చే మనిషికి వినపడాలన్నట్టు మెడ కాస్త పక్కకు వంచి, ఆపకుండా ఏదో చెబుతున్నారు. చెబుతూ చెబుతూ నవ్వారు. ఆయన అలా నవ్వగా నేనెన్నడూ చూడలేదు. కిటికీలోంచి చేయి ఊపాను. పేరు పెట్టి పిలవడం నాకు రాదు. "ఏమండీ" అన్నాను. రైలు చప్పుడులో అది నాకే వినపడలేదు.

రేపల్లెలో దిగి, ఒక్కదాన్నే ఆడబిడ్డ ఇంటికి ఎలా వెళ్లాలో తోచక స్టేషను బల్ల మీద కూర్చున్నాను. తర్వాతి రైలులో ఆయన దిగారు. చొక్కా చెమటతో తడిసిపోయింది. నేను కనపడక వెనక్కి పరిగెత్తుకెళితే, రైలెక్కానని భట్టిప్రోలు స్టేషనులో చెప్పారట.

"చెప్పకుండా ఎక్కేశావేంటి?"

"మీరు వెనక్కి చూళ్లేదండి."

"చూడ్డమెందుకు? వెనకే ఉన్నావనుకుని మాట్లాడుతున్నాగా."

"ఏం చెప్పారండి?"

ఆయన పట్టాల వైపు చూశారు. "ఇప్పుడేముందిలే."

"చెప్పండి. వింటాను."

ఆయనను అంతగా నేనెప్పుడూ అడగలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుని నా ముఖంలోకి చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. నాలాగే ఆయనకూ సిగ్గని, ముఖం చూస్తూ చెప్పలేని మాటలేవో గట్టు మీద చెప్పేశారని అప్పుడు తెలిసింది.

"పద. అక్క ఎదురుచూస్తుంటుంది" అని లేచారు.

బజారులో ఆయన వెనక నడిచాను, ఎవరెదురొచ్చినా వెనకబడకుండా, చిన్నగా అన్నా వినపడేంత దగ్గరగా. ఇల్లు చేరేదాకా ఆయన ఏమీ అనలేదు.