ఎడమ మడ్‌గార్డు పట్టీ

మీకు పంపిన ఫోటోలో మన లారీ మడ్‌గార్డు అంచున నల్లగా, సన్నగా, తాడులా కనబడేది ఏమిటని మీలో చిన్నోడు ఫోనులో అడిగాడు. అది పట్టీ నాయనా, రెక్సినుది. మడ్‌గార్డు రేకూ బాడీ రేకూ ఒకదానికొకటి ఒరుసుకోకుండా మధ్యలో పెడతారు. మీ అమ్మ జాకెట్టు మెడకు వేయించుకునే పైపింగు ఉంటుందే, అచ్చం అలాగే. గుండ్రటి అంచు మాత్రం బయటికి కనబడుతుంది. మిగిలిన బట్ట రేకుల మధ్యకు పోయి బోల్టుల కింద అణిగిపోతుంది.

ఆ పట్టీ వేయించడానికి నేను మూడు నెలలు తాత్సారం చేశాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మీరు దూరాన ఉన్నారు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

మీ తాత పోయాక లారీ మన పెనుకొండ ఇంటి వెనక రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. ముందు ముక్కులా పొడుగ్గా బానెట్టు ఉన్న పాతకాలం బండి. రోజూ ఎండ దిగి రేకు చల్లబడే వేళకు ఎడమ మడ్‌గార్డు దగ్గర ఒక్కసారి కిర్రుమనేది. ఆయన బండి నడిపినంత కాలమూ అదే చప్పుడు. మన వీధి మొదట్లో కాలువ మీద బండ ఉంది కదా, ముందు చక్రం దాని మీదికి ఎక్కితే చాలు, ఇంట్లోకి వినబడేది. వినగానే నేను సంగటికి ఎసరు పెట్టేదాన్ని. ఆయన పోయి నాలుగేళ్ళయినా, సాయంత్రం షెడ్డులో ఆ కిర్రు వస్తే చేయి దానంతటదే గిన్నె మీదికి పోయేది. గిన్నె దించి, ఒకరికే కదా అనుకుని, చిన్నది పెట్టేదాన్ని.

కిందటేడు మీ పెదనాయన లారీని బాగుచేయిద్దామన్నాడు. ఇంకో బండికి కట్టి హిందూపురంలో పాత బండ్లు చేసే మేస్త్రీ దగ్గరికి లాగించుకుపోయాడు. ఇంజనూ రంగూ మీ ఇష్టం, పట్టీ మాత్రం నేనే ఎంచుతానన్నాను. పట్టీ పడితే చప్పుడు పోతుంది. చప్పుడు పోతే ఆయన రావడం కూడా ఆగిపోతుంది. ఈ మాట కొడుకుతో అనలేక, ఏది చూపించినా వంక పెట్టాను. రబ్బరుది ఎండకు పగులుతుందన్నాను. కాన్వాసుది నీళ్ళు పీలుస్తుందన్నాను. రెక్సినుల్లో ఒకటి లావై మడ్‌గార్డు మూతి వాచినట్టుందనీ, ఒకటి మరీ సన్నమై సందులోకి జారిపోతుందనీ అన్నాను. నాలుగోసారి పోయినప్పుడు మేస్త్రీ నవ్వాడు.

"పెండ్లిచీరకు గూడా ఇన్నిసార్లు తిరగరు గదవ్వా."

"ధర్మవరం దాన్నప్పా. చీరైతే కండ్లు మూసుకోని తీసుకుంటా. ఇది మాత్రం సూసే తీసుకుంటా."

నిజానికి ఆ లారీకి మొదటి పట్టీ కుట్టింది నేనే.

మీ పెదనాయన కంటే ముందు నాకొక ఆడపిల్ల పుట్టింది. నలభై రోజులుంది. మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఇంట్లో ఆ మాట ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు. ఆ ఏడే మీ తాత ఈ లారీ కొన్నారు. అప్పటికే అది పాతదే, గుంత వస్తే చాలు మడ్‌గార్డులు రెండూ అరిచేవి. ఒకరోజు అన్నారు, "ఏమ్మే, జాకెట్లకు పైపింగు కుడ్తావు గదా, దీనికీ ఒగటి కుట్టు. దీని అరుపుకు తల పగిలిపోతాండాది."

మాది మగ్గం ఇల్లు. చీర కోసి దించాక మగ్గం మీద మిగిలే పట్టుపోగుల్ని మా పుట్టింట్లో పారేసేవాళ్ళు కాదు. ధర్మవరం నుంచి అవి తెప్పించుకుని, పేని తాడు చేసి, దాని మీద గోధుమరంగు రెక్సిను మడిచి కుట్టాను. పట్టుతాడు నీళ్ళు తాగుతుందనీ, రేకుకు తుప్పు తెస్తుందనీ మాకేం తెలుసు? పట్టు అంటే మంచిదనే తెలుసు. వంపు దగ్గర ముడత పడకుండా, బోల్టు వచ్చే ప్రతిచోటా కత్తెరతో గాటు పెట్టాను. మీ తాత బోల్టులు వదులుగా ఎక్కించారు. నేను అంచును వేలితో సమంగా నొక్కి పట్టుకుంటే, మధ్య నుంచి మొదలుపెట్టి రెండు కొసలకూ బిగించుకుంటూ పోయారు.

లారీ నోరు మూసుకుంది.

ఆ రోజుల్లో ఆయన లేనప్పుడు నేను పెట్టె తెరిచి, పిల్ల పక్కగుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. వీధి మొదట్లో కిర్రు వినబడగానే గుడ్డ పెట్టెలో పెట్టేసి, మొహం కడుక్కుని, పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. పట్టీ పడ్డాక ఆయన వచ్చేది తెలియదన్న సంగతి కుట్టేటప్పుడు నాకు తట్టనే లేదు. ఒక మధ్యాహ్నం తలెత్తితే ఆయన గడపలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలియదు. వెనక్కి పోయి, వాకిట్లో కాళ్ళు కడుక్కుని, గట్టిగా దగ్గి, అప్పుడే వచ్చినట్టు వచ్చారు.

పది రోజులకు మళ్ళీ కిర్రు మొదలైంది, ఎడమవైపు మాత్రమే. నా కుట్టు ఊడిందనుకున్నాను. సిగ్గేసి అడగలేదు. మళ్ళీ కుట్టమని ఆయనా అనలేదు. తల పగిలిపోతోందన్న మనిషి ఇంక ఆ చప్పుడు గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

కిందటి నెల మేస్త్రీ రెండు మడ్‌గార్డులూ ఊడదీసి నన్ను దగ్గరికి పిలిచాడు.

"కుడిపక్క పట్టీ మొత్తం అట్లే ఉండాది సూడవ్వా. ఈ పక్క లేదు. ఊడిపోలా ఇది. ఎవురో కోసినారు."

కుడిపక్కదాన్ని అతను చీల్చి చూపించాడు. రేకు తుప్పుపట్టి ఉంది, లోపలి పట్టుకు మాత్రం ఎరుపు ఇంకా చావలేదు. ఎడమపక్క బోల్టుల దగ్గర ఇరుక్కున్న రెక్సిను ముక్కలు గోరంతేసి మిగిలాయి, అంతే. వాటి కొసలు చిరిగినట్టు లేవు, కత్తి పెట్టినట్టు నున్నగా ఉన్నాయి. ఆ బండి బోల్టు మీద మీ తాత వేరే ఎవరి చేయీ పడనిచ్చేవారు కాదు.

తుప్పు పడుతుందని పెద్దాయన తీసేసి ఉంటాడేమో అన్నాడు మేస్త్రీ. కుడిపక్కా అదే తాడు, అదే వాన. దాన్నెందుకు ఉంచారని నేను అడగలేదు. అతనికేం తెలుసు?

"ఈ పక్క గూడా వేసేదా అవ్వా, అట్లే ఇడిసిపెట్టేదా?"

ఇంక ఎవరు వస్తున్నారని నేను మొహం కడుక్కోవాలి?

"వెయ్యప్పా," అన్నాను.

నల్ల రెక్సిను, లోపల ప్లాస్టిక్ తాడు, మరీ లావూ సన్నమూ కానిది ఎంచాను. ఎడమవైపు బిగించేటప్పుడు అంచు నేనే పట్టుకున్నాను. వేలికి ఆ పని ఇంకా గుర్తుంది.

లారీ ఇంటికి వచ్చిన రోజు నేను పెట్టె ముందు కూర్చుని ఉన్నాను. బండ మీద చక్రం ఎక్కిన సంగతే తెలియలేదు. తలెత్తితే గడపలో మనిషి. మీ పెదనాయన.

"ఏమ్మా, ఏడుస్తాండావా?"

కంట్లో నలుసు పడిందన్నాను.

ఇప్పుడు షెడ్డు చప్పుడు చేయదు. అయినా ఎండ దిగే వేళకు చేయి గిన్నె మీదికి పోతూనే ఉంది. మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చుకున్న ఆ గోధుమరంగు ముక్కలు పక్కగుడ్డలో మూట కట్టాను. ఎన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, అడిగి ఉంటే చెప్పేవారేమో. ఆయన ఆ పట్టీ కోసింది నేను కళ్ళు తుడుచుకునేందుకు కాస్త వ్యవధి ఇవ్వాలనా, ఆ కళ్ళను ఇంకోసారి చూడలేకనా?