తువ్వాల

జూలూరుపాడు పత్తి చేన్లలో మందు కొట్టాలంటే బొజ్జయ్యకే కబురొస్తుంది. డ్రమ్ములో మందు కలపడానికి అతను కర్ర వెతకడు, మోచేతి దాకా చెయ్యి దించి తిప్పేస్తాడు. మూతికి చుట్టుకున్న తువ్వాలే అతనికున్న రక్షణ. వీపున మోసే పంపు కారి చొక్కా వెన్నుకు అంటుకుపోతుంది. సాయంత్రం ఆ చొక్కాతోనే ఇల్లు చేరతాడు. ఏడాది కూతురు పాకుతూ ఎదురొస్తే ఎత్తుకుంటాడు. అది అతని మెడలో ముఖం దాచుకుని తువ్వాల కొస చప్పరిస్తుంది.

రెండువేల నాలుగులో ఊళ్ళో దవాఖానా క్యాంపు పెట్టారు. భార్య ప్రమీలతో కలిసి పిల్లను చూపించడానికి వెళ్తే, డాక్టరమ్మకు అతని దగ్గర మందు వాసన తగిలింది. "ఉజ్బెకిస్తాన్ అని ఒక దేశం. ఆడ కూడా పత్తే. తల్లుల పాలు పరీక్ష చేస్తే చేన్లకు కొట్టిన మందులు బయటపడ్డయి" అంది. బొజ్జయ్య "వాళ్ళు మందు కొట్టినంక స్నానం చెయ్యరా, అమ్మా?" అన్నాడు. "నువ్వు చేస్తవా?" అందామె. అతను పిల్లకు పాలిస్తున్న ప్రమీల వైపు చూశాడు.

మర్నాడు పని దిగాక మోటారు నీళ్ళ కింద కూచుని సబ్బుతో ఒళ్ళంతా తోముకున్నాడు. ఉతికిన బట్టలు కట్టుకుని ఇంటికొచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. అది మెడలో ముక్కు పెట్టి, వెనక్కి వంగి ముఖంలోకి చూసి, పరాయి మనిషి ఎత్తుకున్నట్టు ఏడుపు లంకించుకుంది. ప్రమీల గడపలోంచి, "ఆ తువ్వాల ఇయ్యి, ఊకుంటది" అంది.

"చేన్లనే ఇడిసొచ్చిన" అన్నాడు బొజ్జయ్య. ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతూనే ఉన్నాడు.