గేరుబాక్సు పక్కన పురికొస

1989 వేసవి. తెనాలిలో రేపల్లె రోడ్డు పక్కన నేను మెకానిక్ షెడ్డు పెట్టి అప్పటికి నాలుగేళ్ళు. మాది మూడు తరాల కిరాణా కుటుంబం. పొట్లాలు కట్టీ కట్టీ విసుగెత్తి, స్పానరు పట్టుకుంటే జనం గౌరవిస్తారనుకుని ఈ పనిలోకి వచ్చాను. చొక్కా నల్లబడింది గాని కొట్టు బుద్ధి పోలేదు. పక్కవాడు ఏ ధర, ఎంత గడువు చెప్పాడో తెలిస్తే చాలు, అంతకు ఒక మెట్టు తగ్గించి చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

ఒకరోజు పొద్దున్నే కోటయ్య బాబాయ్ వచ్చాడు. రేపల్లె స్టేషన్ దగ్గర టాక్సీ నడిపే మనిషి. ఆయన కారు వయసులో నాకంటే కొంచెమే చిన్నది. క్లచ్ పూర్తిగా పోతే, గేరులోనే స్టార్ట్ చేసి, ఇంజను చప్పుడు విని గేర్లు మారుస్తూ తోలుకొచ్చాడు. వేమూరు దగ్గర గేదెలు అడ్డం రాకపోతే ఎక్కడా ఆగేవాడు కాదట.

“రేపల్లెలో చూపించానబ్బాయ్. గేరుబాక్సు దించాలి, మూడు రోజులన్నారు. రేపు పదింటికి బాపట్లలో ఎఫ్.సి. ఉంది.”

ఎఫ్.సి. అంటే టాక్సీకి ఏటా తీసుకోవాల్సిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్. అది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని బాబాయ్ అప్పటికే ఒకసారి వాయిదా అడిగాడు. రెండోసారి కుదరదన్నారు. ఆ కారు ఆగితే ఆయనింట్లో పొయ్యి ఆగినట్టే.

“మూడు రోజులెందుకు బాబాయ్? సాయంత్రానికి తీసుకెళ్ళు. గేరుబాక్సు దించను కూడా దించను.”

“బండి కింద చూడకుండానే?”

“చూసేదేముంది?”

ఏముందో చూశాక తెలిసింది. మా వైపు చాలా కార్లకు క్లచ్ ఇనుప రాడ్లతో పనిచేసేది. దీనిది హైడ్రాలిక్ క్లచ్. పెడల్ నొక్కితే ఆయిల్ సన్నటి గొట్టం గుండా గేరుబాక్సు పక్కనున్న స్లేవ్ సిలిండర్‌కి వెళ్ళి, పుష్ రాడ్ అనే చిన్న రాడ్డుని బయటికి తోస్తుంది. ఆ రాడ్డు ఫోర్కుని నెడితే క్లచ్ విడుతుంది. రాడ్డునీ ఫోర్కునీ కలిపేది చిటికెన వేలంత క్లెవిస్ పిన్ను. అది జారిపోకుండా దాని చివరి కన్నంలో స్ప్లిట్ పిన్ను గుచ్చుతారు.

సిలిండర్‌లో అరిగిపోయిన రబ్బరు మార్చడం పదకొండింటికల్లా అయిపోయింది. మళ్ళీ కలపడం దగ్గరే కథ అడ్డం తిరిగింది. గేరుబాక్సుకీ పొగ గొట్టానికీ మధ్య సందులో మోచేతి దాకా ఒక చెయ్యి పడుతుంది, చూపు పట్టదు. రాడ్డు చివర రెండు రెక్కల కన్నాలూ, వాటి మధ్య ఫోర్కు కన్నమూ, ఈ మూడూ ఒక వరసలోకి తెచ్చి పిన్ను దూర్చేలోపు అది వేళ్ళలోంచి జారి కింద పడేది.

“తొమ్మిది,” అన్నాడు బాబాయ్ పైన సీట్లోంచి. పిన్ను నేల మీద పడ్డ చప్పుళ్ళు లెక్కపెడుతున్నాడు.

“లెక్క ఆపు బాబాయ్.”

“పోనీ పెడల్ నొక్కనా?”

“నొక్కావంటే పిస్టన్ ఊడి నా మొహాన పడుద్ది. దిగి బయట కూర్చో.”

దిగి వెళ్ళి మిరపకాయ బజ్జీల పొట్లం తెచ్చి బండి కిందికి అందించాడు. కుడి చెయ్యి సందులోనే ఉంది. ఎడమ చేత్తో పొట్లం పురికొస విప్పాను.

“అదేంటబ్బాయ్, చూడకుండా, ఒంటి చేత్తో విప్పావు?”

“కొట్లో కళ్ళు గిరాకీ మీదుండాలి, ఒక చెయ్యి తక్కెడ మీదుండాలి. పొట్లానికి మిగిలేది ఒక చెయ్యేగా.”

ఆ మాట అన్నాక బజ్జీ నమలడం ఆపేశాను.

పురికొస పురి విప్పి ఒక పోగు తీశాను. కొసకు కొవ్వొత్తి మైనం రాసి గట్టిపరిచాను. రెండో కొసను పిన్ను చివరి కన్నంలోంచి పోనిచ్చి సన్నగా ముడేశాను. మైనం కొసను సందులోకి తీసుకెళ్ళి మూడు కన్నాల్లోంచి ఒకటొకటిగా దూర్చాను. పిన్ను జారినట్టు పోగు జారదు. అవతలి కొస బిగించి లాగితే కన్నాలు వాటంతటవే వరసకొచ్చాయి. పోగు వెనకే పిన్ను వచ్చి టక్కున కూర్చుంది. వేలికి పోగు తగిలిన చోటే స్ప్లిట్ పిన్ను కన్నం. పోగు లాగేసి అక్కడే గుచ్చాను.

“ఇప్పుడు నొక్కు బాబాయ్,” అన్నాను. పొద్దుటి నుంచి ఆ మాట కోసమే ఎదురుచూస్తున్న మనిషి తనివితీరా నొక్కాడు. ఆయన నొక్కుతుంటే నేను సిలిండర్‌కున్న నిపుల్ మర వదులు చేసి గొట్టంలో చిక్కిన గాలి తీశాను. దీన్నే బ్లీడింగ్ అంటాం. బుడగలు పోయేసరికి పెడల్ కాలికి బిగువుగా తగిలింది. నాలుగింటికి ఊళ్ళో ఒక చుట్టు తిరిగొచ్చాడు. అవసరం లేకపోయినా మూడు చోట్ల ఆగాడట, ఆగగలనని చూసుకోడానికి.

మర్నాడు బాపట్లకి నేనూ వెళ్ళాను, జేబులో కటింగ్ ప్లేయర్‌తో. ఇన్‌స్పెక్టర్ కారుని ముందుకీ వెనక్కీ నడిపి దిగాడు.

“ఇంత పాత బండికి క్లచ్ ఇంత సాఫీగా ఉందేంటయ్యా? ఎవరు చేశారు?”

“కిరాణా కొట్టు అబ్బాయండి,” అన్నాడు బాబాయ్ నన్ను చూపిస్తూ. ఆ మాట తిట్టులా వినపడకపోవడం నాకు అదే మొదలు. ఇన్‌స్పెక్టర్ నవ్వి సంతకం పెట్టాడు.

తెనాలి రాగానే నాన్న కొట్టుకెళ్ళి పురికొస ఉండ అడిగాను.

“పొట్లాలు కట్టననే కదరా వెళ్ళావు,” అన్నాడు నాన్న, గిరాకీ మీంచి చూపు తిప్పకుండా.

జరిగింది చెప్పాను. పెద్ద ఉండ తీసిచ్చాడు. చిన్నది చాలన్నా వినలేదు. అడిగినదానికంటే ఆయన ఎక్కువివ్వడం నాకు తెలిసి అదొక్కసారే.

ఆ ఉండ ఏళ్ళ తరబడి నా స్పానర్ల పెట్టెలో ఉంది. వదిలేసి వచ్చాననుకున్న పని నా వేళ్ళలోనే ఉందని ఆ కారు కింద తెలుసుకున్నాను. బండి కింద చూడకుండా గడువు చెప్పకూడదని కూడా ఆ రోజే తెలుసుకున్నాను గాని, పక్క షెడ్డువాడు మూడు రోజులన్నాడంటే ఇప్పటికీ నా నోరు ఆగదు.